హియోస్ దీవి – రూమీ మస్తగీ పుట్టిల్లు



హైదరాబాదు పాతబస్తీలోనో, కలబురగి, బీదరు, ఔరంగాబాదు బజార్లలోనో పాత యునానీ మందుల దుకాణానికి వెళ్లి రూమీ మస్తగీ కావాలని అడగండి. దుకాణదారు చిన్న సీసా తీసి, తులాల లెక్కన తూచి, కాగితంలో పొట్లం కట్టి ఇస్తాడు. లోపల జొన్నగింజంత మొదలు శనగగింజంత వరకు లేత పసుపు పలుకులు ఉంటాయి. వెలుతురుకు పెట్టి చూస్తే పటికబెల్లంలా మెరుస్తాయి. నోట్లో వేసుకుంటే మొదట పొడిపొడిగా విరిగి కాస్త చేదనిపిస్తాయి. నమలగా నమలగా ముద్దయి, దేవదారు చెక్క వాసన లాంటి చల్లని పరిమళం నోరంతా నిండుతుంది. కడుపు ఉబ్బరానికి, అరగకపోవడానికి హకీములు ఇచ్చే జవారిష్ మస్తగీ అనే లేహ్యంలో ముఖ్యమైన సరుకు ఇదే.

రూమీ అంటే రూము దేశానిది అని అర్థం. ఒకనాటి రోము సామ్రాజ్యంలోని తూర్పు భాగాన్ని అరబ్బులు, పారశీకులు రూము అనేవారు. ఆ సామ్రాజ్యం పోయి అయిదు వందల యాభై ఏళ్లు దాటింది. మన బజారులో పేరు మాత్రం అలాగే ఉంది. ఇంతకీ ఈ సరుకు ప్రపంచం మొత్తానికి ఎక్కడినుంచి వస్తుందంటే, గ్రీసు దేశానికి చెందిన ఒకే ఒక్క దీవినుంచి, అందులోనూ ఆ దీవి దక్షిణపు కొసన ఉన్న ఇరవై నాలుగు ఊళ్లనుంచి. ఆ దీవి పేరు హియోస్. ఇంగ్లీషు పుస్తకాల్లో కయోస్ అని చదువుతారు కానీ, అక్కడివాళ్లు పలికేది హియోస్ అనే. ఈనాటి ప్రసంగంలో ఆ దీవి సంగతులు కొన్ని చెప్పుకుందాం.

గ్రీసు దీవులనగానే మనకు క్యాలెండర్లలో కనబడే తెల్లటి ఇళ్లు, నీలం గుమ్మటాలు గుర్తుకొస్తాయి. అవి సాంతోరిని దీవివి. హియోస్ రూపం వేరు. ఏజియన్ సముద్రానికి తూర్పు అంచున, తుర్కియే దేశపు ఒడ్డుకు ఆనుకున్నట్టే ఉంటుంది. మధ్యలో ఉన్న జలసంధి సన్నగా ఉన్నచోట వెడల్పు ఏడు కిలోమీటర్లే. రాత్రిపూట రేవులో నిలబడితే ఎదుటి దేశంలోని చెష్మె పట్టణం దీపాలు కనబడతాయి. దీవి విస్తీర్ణం 840 చదరపు కిలోమీటర్ల పైచిలుకు, జనాభా యాభైవేల ప్రాంతం. ఉత్తరాన రాళ్ల కొండలు, వాటిలో ఎత్తయిన పెలినేయో శిఖరం 1,297 మీటర్లు. దక్షిణాన మెట్ట నేలలు, చిన్న గుట్టలు. మన మస్తగీ చెట్టు ఉన్నది ఆ మెట్టలోనే.

చెట్టు అన్నాను కానీ నిజానికి అది పెద్ద పొద. ఎత్తు రెండు మూడు మీటర్లకు మించదు. కాండం వంకరలు తిరిగి, కొమ్మలు నేలవైపు వంగి, ముసలివాళ్లు గొడుగు పట్టుకుని కూర్చున్నట్టు కనబడుతుంది. పిస్తాచెట్టు కుటుంబంలోదే. ఇదే జాతి పొద మధ్యధరా సముద్రం చుట్టూ ఎన్ని దేశాల్లోనైనా అడవి మొక్కగా పెరుగుతుంది. అయితే గాటు పెడితే ఇంత బంక కార్చి, అది ఇలా గడ్డకట్టి, అమ్ముకునే సరుకయ్యేది దక్షిణ హియోస్‌లోనే. నేల కారణమంటారు, వర్షం లేని వేసవి కారణమంటారు, వందల ఏళ్లుగా మంచి చెట్ల కొమ్మలనే ఏరి నాటుతూ వచ్చిన రైతుల ఎంపిక కారణమంటారు. మూడూ కలిసే ఉండాలి. మూడో కారణాన్ని మనం తక్కువగా చూడకూడదు. బంక బాగా ఇచ్చేది మగ చెట్టని కనిపెట్టి, విత్తనంతో కాకుండా కొమ్మతోనే తోటలు పెంచుకుంటూ వచ్చినవాళ్లు వాళ్లు.

అక్కడివాళ్ల నమ్మకం వేరు. క్రీస్తుశకం మూడో శతాబ్దంలో రోము సైన్యంలో పనిచేసిన ఇసిదోరు అనే క్రైస్తవుణ్ణి ఈ దీవిలో హింసించి చంపారట. ఆయనను ఈడ్చుకుపోయిన దారి పొడుగునా ఉన్న చెట్లు ఏడ్చాయట. అప్పటినుంచీ ఆ కన్నీళ్లు ఆగలేదట. మస్తగీ పలుకులను గ్రీకులు ఇప్పటికీ కన్నీళ్లనే అంటారు. వ్యాపారం రసీదుల మీద కూడా ఆ మాటే ఉంటుంది.

ఇక ఈ కన్నీళ్లు రాబట్టే పని ఎలా ఉంటుందో చూడండి. జూన్ నెలలో ప్రతి చెట్టు కిందా నేలను గడ్డి లేకుండా గీకి, ఊడ్చి, కళ్లంలా చదును చేస్తారు. దానిమీద సున్నపురాయి జాతికి చెందిన తెల్లటి మెత్తని మట్టిని జల్లెడపట్టి చల్లుతారు. మొదటిసారి ఫోటోలో చూసినవాళ్లు ఇదేదో గుడిముందు వేసిన ముగ్గనుకుంటారు. పైనుంచి రాలే బంకచుక్క మట్టిలో కలవకుండా, శుభ్రంగా ఆరేందుకే ఈ ఏర్పాటు. జూలైలో గాట్లు పెట్టడం మొదలవుతుంది. వాడిమొన ఉన్న చిన్న ఇనుప పనిముట్టుతో కాండం మీద, లావాటి కొమ్మల మీద గోరంత గాటు పెడతారు. బెరడు దాటి లోపలికి పోకూడదు. ఒక్కరోజే అన్ని గాట్లూ పెట్టేయకూడదు. వారానికి కొన్ని చొప్పున అయిదారు వారాలు పెడతారు. ఆశపడి ఎక్కువ కోస్తే చెట్టు నీరసించిపోతుంది.

కోరాపుట్, రాయగడ వైపు శ్రోతలకు, మన తూర్పు కనుమల గిరిజన సోదరులకు ఈ మాట వెంటనే అర్థమవుతుంది. తపసి చెట్టునుంచి జిగురు తీసేవాళ్లు గొడ్డలితో లోతుగా నరికితే ఏమవుతుందో, పలచగా చెక్కు తీస్తే ఏమవుతుందో వాళ్లకు ఒకరు చెప్పనక్కర్లేదు.

గాటునుంచి ఊరిన బంక చుక్కలుగా జారి, కొంత కాండం మీదే వేలాడుతుంది, కొంత కింద తెల్లమట్టి మీద పడుతుంది. గట్టిపడటానికి పదిహేను ఇరవై రోజులు పడుతుంది. ఆగస్టు 15కు ముందు ఏరకూడదని చట్టం. ఆ రోజు గ్రీసులో మరియమాత పండుగ కూడా. పండుగ వెళ్లాక తెల్లవారుజామున, ఎండకు బంక మెత్తబడకముందే, ఆడామగా తోటల్లో వంగి ఒక్కొక్క పలుకే ఏరుతారు. తర్వాత రెండో విడత గాట్లు, రెండో విడత ఏరివేత. అక్టోబరు నడిమికి అంతా అయిపోతుంది. నాటిన కొమ్మ అయిదారేళ్లకు గాని బంక ఇవ్వదు. పూర్తి కాపుకు రావాలంటే పన్నెండు, పదిహేనేళ్లు. అప్పుడు కూడా ఒక్క చెట్టు ఏడాదికి ఇచ్చేది గ్రాముల్లోనే, పావుకిలో వస్తే గొప్ప.

అంతటితో పని పూర్తి కాలేదు. ఏరినదాన్ని జల్లించి, చల్లని నీళ్లలో కడిగి, ఆరబోసి, చలికాలమంతా ఊరి ఆడవాళ్లు నలుగురైదుగురు ఒక ఇంట్లో చేరి, చిన్న కత్తులతో ఒక్కొక్క పలుకుకూ అంటిన మట్టినీ ఆకుపొల్లునూ గీకి తీస్తారు. అప్పడాలు ఒత్తేటప్పుడు మన వీధుల్లో నడిచే కబుర్లే అక్కడా నడుస్తాయనుకోవచ్చు. దీనికి ఇంతవరకూ పనికొచ్చే యంత్రం ఏదీ పూర్తిగా ఆ చేతుల స్థానంలోకి రాలేదు. మస్తగీ సాగులోని ఈ పనితనాన్ని 2014లో యునెస్కో సంస్థ మానవజాతి వారసత్వాల పట్టికలో చేర్చింది. చెట్టును కాదు సుమా, చెట్టుతో మనుషులు చేసే పనిని చేర్చింది.

ఇంత అపురూపమైన సరుకు ఉన్నచోటికి దాని మీద కన్ను వేసినవాళ్లు రాకుండా ఉంటారా? 1346లో ఇటలీలోని జెనోవా నగరపు ఓడల యజమానులు హియోస్‌ను పట్టుకున్నారు. పట్టుకున్నది రాజు కాదు, ఓ వ్యాపార కంపెనీ. పెట్టుబడి పెట్టినవాళ్లకు వాటాలు, ఏటేటా లాభాల పంపకం, దీవి పరిపాలన అంతా ఆ కంపెనీదే. మన దేశానికి వచ్చిన ఈస్టిండియా కంపెనీ పుట్టడానికి 250 ఏళ్ల ముందు సంగతి ఇది. మస్తగీ మీద గుత్తాధిపత్యం వాళ్లది. రైతు ఎంత పండించినా వాళ్లకే ఇవ్వాలి. దొంగిలించినవాడికి దొంగతనం బరువునుబట్టి చెవి, ముక్కు కోయడం మొదలుకొని ఉరిదాకా శిక్షలుండేవి.

ఆ రోజుల్లో కట్టిన మస్తగీ గ్రామాలు ఇప్పటికీ ఉన్నాయి. వాటిలో మెస్తా అనే ఊరు చూడవలసినది. ఊరి చుట్టూ ప్రత్యేకంగా కోటగోడ లేదు. అంచున ఉన్న ఇళ్లన్నీ ఒకదానికొకటి అతికించి కట్టారు. వాటి వెనుక గోడలే కోటగోడ. బయటివైపు కిటికీలు లేవు. లోపల సందులు ఎంత ఇరుకంటే, చాలాచోట్ల పైన కమానులు కట్టి, కమానుల మీద గదులు కట్టేశారు. ఎండాకాలం మధ్యాహ్నం కూడా సందులో చీకటిగా, చల్లగా ఉంటుంది. శత్రువు లోపలికి వస్తే దారి తప్పాలి, ఊరివాళ్లు మాత్రం మిద్దెల మీదనుంచి మిద్దెల మీదకు నడిచి మధ్యలోని బురుజులో తలదాచుకోవాలి. సముద్రపు దొంగలనుంచి కాపాడటానికి కట్టారని చెప్పుకుంటారు. నిజమే. అయితే లోపలి సరుకు దాటిపోకుండా, లోపలి మనుషులు ఎటుపడితే అటు పోకుండా చూడటానికి కూడా ఈ కట్టడం చక్కగా పనికొచ్చిందని గుర్తుంచుకోవాలి.

పిర్గి అనే మరో పెద్ద ఊరు ఉంది. అక్కడి ఇళ్ల గోడలు చూస్తే మన ఆడపడుచులు సంక్రాంతి ముగ్గులు వీధుల్లోంచి ఎత్తి గోడలకు అతికించారా అనిపిస్తుంది. చతురస్రాలు, వజ్రాలు, చక్రాలు, నక్షత్రాలు వరసలు వరసలుగా, నలుపు తెలుపుల్లో ఇంటి ముఖమంతా నిండి ఉంటాయి. ఇది రంగు వేసిన పని కాదు. ముందు నల్లటి ఇసుక కలిపిన పూత పూస్తారు. దానిమీద సున్నం కొడతారు. సున్నం తడిగా ఉండగానే గీతలు గీసుకుని, ఫోర్కు లాంటి పనిముట్టుతో కావలసినచోట సున్నాన్ని గీకేస్తారు. కిందున్న నలుపు బయటపడుతుంది. ఆ గోడల ముందు, వసారాలకు చిన్న టమాటాల దండలు ఎర్రగా వేలాడదీసి ఎండబెడతారు. చలికాలం కూరలకు అవి.

1566లో తుర్కులు జెనోవావాళ్లనుంచి దీవిని తీసుకున్నారు. మస్తగీ ఊళ్లకు అప్పుడొక వింత హోదా వచ్చింది. ఆ ఊళ్ల ఆదాయం ఇస్తాంబుల్‌లో సుల్తాను తల్లికి, అంతఃపురానికి చెందేది. అంతఃపుర స్త్రీలు నోటి పరిమళానికి, పళ్ల తెలుపుకు మస్తగీ నమిలేవారు. కాబట్టి మిగతా దీవికన్నా ఈ ఊళ్లకు కాస్త స్వేచ్ఛ, కాస్త రక్షణ దొరికాయి.

ఆ రక్షణ ఎంతవరకు పనిచేసిందో 1822లో తేలిపోయింది. గ్రీకుల స్వాతంత్ర్య పోరాటం మొదలై ఏడాదయింది. హియోస్ వ్యాపారులు, పెద్దలు తిరుగుబాటులోకి దిగలేదు. చుట్టూ తుర్కుల ఒడ్డే కదా, దిగితే ఏమవుతుందో వాళ్లకు తెలుసు. పొరుగున ఉన్న సామోస్ దీవి నుంచి కొన్ని వందలమంది వచ్చి దిగి తిరుగుబాటు మొదలుపెట్టారు. ఏప్రిల్‌లో సుల్తాను నౌకాదళం వచ్చింది. తర్వాత జరిగింది ఊచకోత. చనిపోయినవాళ్ల సంఖ్య మీద చరిత్రకారుల అంచనాలు వేరువేరుగా ఉన్నాయి కానీ, అవి పదుల వేలలోనే ఉన్నాయి. అంతకన్నా ఎక్కువమందిని బానిసలుగా బజార్లలో అమ్మారు. లక్షకు పైగా జనమున్న దీవిలో మిగిలినవాళ్లు కొద్దిమంది. ఈ మారణకాండలో మస్తగీ ఊళ్లను మొదట ముట్టుకోలేదు, ఆదాయం పోతుందని. జూన్‌లో కనారిస్ అనే గ్రీకు నావికుడు నిప్పు పడవతో తుర్కు నౌకాధిపతి ఓడను తగలబెట్టాడు. నౌకాధిపతి చనిపోయాడు. ఆ కసితో సైన్యం అంతవరకూ వదిలేసిన మస్తగీ ఊళ్ల మీద కూడా పడింది.

రెండేళ్ల తర్వాత, 1824లో, దెలాక్రువా అనే ఫ్రెంచి చిత్రకారుడు ఈ ఘోరాన్ని నిలువెత్తు పటంగా వేశాడు. పారిస్‌లోని లూవ్ర్ ప్రదర్శనశాలలో ఉంది. ఐరోపా ప్రజల మనసు గ్రీకుల వైపు తిరగడానికి ఆ పటం కూడా ఒక కారణమంటారు. హియోస్‌లోనే సాక్ష్యం చూడాలంటే దీవి మధ్యనున్న కొండల్లో నేయా మోనీ మఠానికి వెళ్లాలి. పదకొండో శతాబ్దంలో బైజాంటైన్ చక్రవర్తి తొమ్మిదో కాన్‌స్టంటైన్ కట్టించినది. బంగారు రేకు పొదిగిన గాజుపలుకులతో గోడల మీద క్రీస్తు కథలు కూర్చారు. 1881 భూకంపంలో గుమ్మటం కూలింది, కొన్ని చిత్రాలు పోయాయి. మిగిలినవే కళ్లు చెదిరేలా ఉంటాయి. 1990లో యునెస్కో ప్రపంచ వారసత్వ కట్టడాల్లో ఈ మఠాన్ని చేర్చారు. గేటు పక్కనే చిన్న ప్రార్థనామందిరంలో అద్దాల బీరువా ఉంది. అందులో 1822లో ఇక్కడ తలదాచుకుని చనిపోయినవాళ్ల పుర్రెలు పేర్చి ఉన్నాయి. కొన్నిటి మీద కత్తివేటు గుర్తులు స్పష్టంగా తెలుస్తాయి. పిల్లలతో వెళ్లేవాళ్లు ఈ సంగతి ముందే తెలుసుకుని వెళ్లడం మంచిది.

తప్పించుకున్న హియోస్ కుటుంబాలు లండన్, మార్సేయ్, ట్రియెస్ట్, ఒడెస్సా రేవుల్లో, మన కలకత్తాలో స్థిరపడ్డాయి. కొందరు అంతకుముందే వ్యాపారానికి వెళ్లినవాళ్లు. బంధుత్వాలే వాళ్లకు బ్యాంకులు, ఉత్తరాలే వాళ్ల తంతి తీగలు. వాళ్లలో రాలీ అనే ఇంటిపేరు గలవాళ్లు అయిదుగురు అన్నదమ్ములు పెట్టిన కంపెనీ 1851లో కలకత్తాలో శాఖ తెరిచి, జనపనార, పత్తి, నూనెగింజలు కొని ఐరోపాకు పంపుతూ ఈ దేశంలో అతి పెద్ద ఎగుమతి కంపెనీల్లో ఒకటయింది. పత్తి రైతులైన మన శ్రోతలకు రాలీస్ అనే పేరు పురుగుమందు డబ్బాల మీద పరిచయమే. ఆ సంస్థ ఇప్పుడు టాటాలది. పేరు మాత్రం ఈ దీవివాళ్లది.

ఇక పురాణాల సంగతి. చలికాలం రాత్రి ఆకాశంలో మనం మృగశిర, ఆరుద్ర నక్షత్రాలను చూపించుకునే చోట గ్రీకులు ఓరియన్ అనే వేటగాణ్ణి చూస్తారు. ఆ వేటగాడి కథ హియోస్‌లోనే జరిగింది. మద్యానికి దేవుడైన దియోనిసస్ కొడుకు ఇనోపియన్ ఈ దీవికి రాజు. ద్రాక్షసారాయం చేసే విద్య తండ్రినుంచి ఇక్కడికి తెచ్చినవాడు. అతని కూతురు మెరోపె. ఆమెను పెళ్లాడాలని వచ్చిన ఓరియన్ దీవిలోని క్రూరమృగాలన్నిటినీ వేటాడి చంపి రాజుకు కానుకలిచ్చాడు. రాజు పెళ్లి మాట వాయిదా వేస్తూ పోయాడు. ఓరియన్ ఒకరోజు తాగి ఆ పిల్ల మీద దౌర్జన్యానికి దిగాడు. రాజు అతనికి మరింత తాగించి, నిద్రలో కళ్లు పొడిపించి, సముద్రపు ఒడ్డున పారేయించాడు. గుడ్డివాడైన వేటగాడు సుత్తి చప్పుడు విని, దాన్నిబట్టి నడుచుకుంటూ లెమ్నోస్ దీవిలో దేవతల కమ్మరి కొలిమి చేరుకున్నాడు. అక్కడొక కుర్రవాణ్ణి భుజాల మీద ఎక్కించుకుని, దారి చెప్పించుకుంటూ తూర్పుకు నడిచాడు. ఉదయించే సూర్యుడి కిరణం తగలగానే చూపు వచ్చింది.

ఓరియన్‌ను చంపిన తేలు కూడా ఈ దీవి నేలలోంచే పుట్టిందని ఒక కథనం. అందుకే ఆకాశంలో వృశ్చికం లేచేసరికి ఓరియన్ అస్తమిస్తాడట. మన పురాణాల్లో అదేచోట జింకరూపంలో పారిపోయే ప్రజాపతి, వెంటాడే రుద్రుడి బాణం ఉన్నాయి. రెండు జాతులూ ఒకే చుక్కల్లో వేట దృశ్యాన్నే చూశాయి, తప్పుచేసిన మగవాడికి శిక్ష పడటాన్నే చూశాయి. దీనికి కారణం పండితులు తేల్చాలి. ఆకాశం వైపు ఆ చుక్కలు చూపించి పిల్లలకు రెండు కథలూ చెప్పడానికి మాత్రం పండితులు అక్కర్లేదు.

హియోస్‌కు ఇంకొక గుడ్డివాడు ఉన్నాడు. ఇలియడ్, ఒడిస్సీ కావ్యాలు చెప్పాడంటున్న మహాకవి హోమర్. ఆయన మావాడంటే మావాడని పాతకాలంలో ఎన్నో పట్టణాలు పోట్లాడుకున్నాయి. హియోస్ వాదనకు కాస్త బలముంది. అపోలో దేవుడి మీద ఉన్న ప్రాచీన స్తోత్రంలో కవి తనను ఈ దీవిలో నివసించే గుడ్డివాడినని చెప్పుకున్నాడు. హోమర్ వంశీకులమని చెప్పుకునే గాయకుల బృందం కూడా ఇక్కడ ఉండేది. వ్రొందాదోస్ అనే ఊరి దగ్గర సముద్రం ఒడ్డున ఒక బండను గురువుగారి రాయి అంటారు. హోమర్ దానిమీద కూర్చుని శిష్యులకు పాఠం చెప్పాడట. పురాతత్వ శాస్త్రజ్ఞులు మాత్రం అది సిబెలె అనే అమ్మవారి గుడి అంటున్నారు. బండ మధ్యలో ఆసనం మీద అమ్మవారి బొమ్మ చెక్కిన ఆనవాళ్లు ఉన్నాయి. జనం ఇప్పటికీ గురువుగారి రాయి అనే అంటున్నారు. విమానాశ్రయానికి కూడా హోమర్ పేరే పెట్టుకున్నారు.

అన్నట్టు, అదే వ్రొందాదోస్‌లో ఈస్టర్ ముందురోజు అర్ధరాత్రి రెండు చర్చిల వాళ్లు లోయకు అటూఇటూ నిలబడి, ఎదుటి చర్చి గంట గోపురానికి గురిచూసి వేలకొద్దీ తారాజువ్వలు వదులుతారు. లోపల ప్రార్థన జరుగుతూనే ఉంటుంది. ఇళ్లు కాలకుండా ముందే తీగవలలు కప్పుకుంటారు. ప్రమాదమని అధికారులు కొన్ని ఏళ్లలో ఆపించారు, ఆంక్షలు పెట్టారు. దీపావళి రాకెట్లు మేడమీదికి దూసుకువచ్చిన అనుభవం ఉన్నవాళ్లకు అధికారుల బాధ అర్థమవుతుంది.

తిండి మాట చెప్పకుండా దీవి వదలకూడదు. ఇంటికి వచ్చిన అతిథికి చిన్న పళ్లెంలో చెంచాడు మిఠాయి, పక్కన గ్లాసుడు చల్లని నీళ్లు ఇవ్వడం గ్రీకుల మర్యాద. నారింజ తొక్కలు, చిన్న వంకాయలు, గులాబీ రేకులు, పచ్చి అక్రోటు కాయలు, ఏది దొరికితే అది పంచదార పాకంలో ఊరవేసి పెట్టుకుంటారు. హియోస్‌లో వీటన్నిటికీ పైన మస్తగీ పాకం ఉంది. తెల్లగా, వెన్నముద్దలా ఉండే ఆ పాకాన్ని చెంచాకు చుట్టి, చెంచాతో సహా నీళ్ల గ్లాసులో ముంచి ఇస్తారు. కాస్త కాస్త చప్పరించి, మధ్యలో పరిమళమెక్కిన ఆ నీళ్లు తాగాలి. దీన్ని జలాంతర్గామి అంటారు. పిల్లలకు ఎంత ఇష్టమో వేరే చెప్పాలా? ఈస్టర్ రొట్టెలో, ఐస్‌క్రీములో, బిస్కట్లలో మస్తగీ పొడి చిటికెడు పడుతుంది. చిటికెడు దాటితే చేదెక్కుతుంది. పొడి చేసేటప్పుడు రోట్లో అతుక్కోకుండా కాస్త పంచదారో ఉప్పో కలిపి నూరాలి. ఇది మన యునానీవాళ్లకూ తెలిసిన చిట్కాయే. అత్తిపళ్లనుంచి తీసే సూమా అనే సారా అక్కడ పల్లెల్లో కాస్తారు. మాంసం తినేవాళ్లకు మేకమాంసం, చేప, ఆక్టోపస్. తిననివాళ్లకు ఆలివ్‌నూనెలో వండిన చిక్కుళ్లు, శనగలు, అడవి ఆకుకూరలు, కాల్చిన జున్ను. ఉపవాస దినాలు ఎక్కువున్న మతం కాబట్టి శాకాహారికి గ్రీకు పల్లెల్లో పస్తులుండే బాధ లేదు.

మందుగా దీని గుణమెంత అని శ్రోతలు అడుగుతారు. 2015లో ఐరోపా మందుల సంస్థ మస్తగీని స్వల్ప అజీర్ణానికి, చర్మం మీది చిన్న వాపులకు, చిన్న గాయాలకు సంప్రదాయ ఔషధంగా గుర్తించింది. దీని అర్థం జాగ్రత్తగా తెలుసుకోవాలి. చాలా కాలంగా హాని లేకుండా వాడుతున్నారు, గుణమిస్తుందని నమ్మడానికి ఆధారం ఉంది అని మాత్రమే. పెద్ద జబ్బులను నయం చేస్తుందని ఎవరైనా పొట్లం మీద రాస్తే నమ్మవద్దు. చార్మినార్ పక్కనున్న నిజామియా యునానీ ఆసుపత్రి వైద్యుల సంప్రదాయం, అక్కడ ఐరోపా సంస్థ మాట, రెండూ కడుపు దగ్గరే కలుసుకోవడం మాత్రం ముచ్చటగా ఉంది.

ప్రకృతిని ప్రేమించేవాళ్లు మార్చి, ఏప్రిల్ నెలల్లో వెళ్లాలి. పొలం గట్ల మీద, ఆలివ్ చెట్ల కింద ఎర్రటి అడవి తులిప్ పూలు పూస్తాయి. పట్టణానికి దక్షిణంగా కాంబోస్ అనే మైదానంలో నారింజ, కమలా తోటలున్నాయి. జెనోవా కాలపు ధనికుల తోటలు. ఎర్రని, పసుపు ఇసుకరాతితో కట్టిన ఎత్తయిన ప్రహరీల మధ్య దారి పోతుంది. లోపల ఏముందో కనబడదు, పూల వాసన మాత్రం గోడ దాటి వస్తుంది. తోటల్లో పశువులు తిప్పిన నీటిచక్రాలు, పాలరాతి తొట్లు ఉన్నాయి. దక్షిణాన ఎంబొరియోస్ దగ్గర సముద్రతీరంలో ఇసుకకు బదులు నల్లటి గులకరాళ్లున్నాయి, పాతకాలపు అగ్నిపర్వతం పుణ్యమా అని.

ఆ నేలకు ఇప్పుడు మరో నిప్పు భయం పట్టుకుంది. 2012 ఆగస్టులో చెలరేగిన కార్చిచ్చు రోజుల తరబడి మండి, అడవితోపాటు మస్తగీ తోటలను కూడా పెద్ద ఎత్తున కాల్చేసింది. 2025 వేసవిలో దీవిలో మళ్లీ పెద్ద మంటలు లేచాయి. వేసవులు పొడుగవుతున్నాయి, ఎండ ముదురుతోంది. దానికితోడు మేకలు కాచేవాళ్లు, మెట్టలు దున్నేవాళ్లు తగ్గి, బీళ్లల్లో ఎండుగడ్డి పెరిగిపోయింది. మంట పాకడానికి అదే దారి. గోధుమ చేను కాలితే మరుసటి ఏడాది పండుతుంది. మస్తగీ తోట కాలితే రైతు అయిదారేళ్లు ఖాళీ చేతులతో ఉండాలి, పదిహేనేళ్లు నిండితే గాని పాత రాబడి చూడడు. అరవై ఏళ్ల రైతు మళ్లీ నాటాలా వద్దా అని ఆలోచించడంలో తప్పేముంది?

నాటించినది చాలావరకు వాళ్ల సహకార సంఘమే అనాలి. జెనోవావాళ్ల గుత్త పోయింది, సుల్తాను పన్ను పోయింది, 1912లో దీవి గ్రీసులో కలిసింది. కానీ దళారుల చేతుల్లో ధర పడిపోయి రైతులు తోటలు కొట్టేసుకునే స్థితి వచ్చింది. అప్పుడు 1938లో మస్తగీ రైతుల సంఘం ఏర్పడింది. ఊరూరి సంఘాలు కలిసిన సమాఖ్య అది. రైతులందరి సరుకూ దాని ద్వారానే పోవాలి. ధర ఒకటే ఉంటుంది, ఎవరినీ విడదీసి బేరమాడలేరు. ఆలోచిస్తే ఇదీ గుత్తాధిపత్యమే. కాకపోతే ఈసారి గుత్తదారులు రైతులే. 1997లో ఐరోపా సమాజం హియోస్ మస్తగీ అనే పేరును ఆ దీవి సరుకుకే పరిమితం చేసింది. మన బంగినపల్లి మామిడికి, తిరుపతి లడ్డుకు ఉన్న భౌగోళిక గుర్తింపు లాంటిదే. ధర నిలబడటంతో చదువుకున్న కుర్రవాళ్లు కొందరు ఏథెన్సు ఉద్యోగాలు వదిలి తాత తోటలకు తిరిగి వస్తున్నారు. గ్రీసును ఆర్థిక సంక్షోభం కుదిపేసిన 2010 తర్వాతి ఏళ్లలో ఈ రాక ఎక్కువయింది.

వెళ్లదలచినవాళ్లకు నాలుగు మాటలు. గ్రీసుకు వెళ్లే భారతీయులకు షెంగెన్ వీసా కావాలి. ఏథెన్సునుంచి హియోస్‌కు విమానంలో గంటలోపు ప్రయాణం. ఏథెన్సు రేవైన పిరెయస్‌లో రాత్రి ఓడ ఎక్కితే తెల్లవారేసరికి దింపుతుంది. దీవిలో బస్సులున్నాయి కానీ తక్కువ. మెస్తా, పిర్గి, నేయా మోనీ చూడాలంటే అద్దె కారే మేలు. పిర్గి దగ్గర కొండ మీద 2016లో తెరిచిన మస్తగీ ప్రదర్శనశాల ఉంది. పాత పనిముట్లు, జల్లెడలు, సంఘం తొలినాటి యంత్రాలు చూపిస్తారు. బయట తోటలో చెట్లు కూడా ఉన్నాయి. ఆగస్టు 15 తర్వాత వెళితే ఏరివేత చూడవచ్చు. తెల్లవారుజామున లేవాలి, వంగి పనిచేయడానికి నడుము సిద్ధంగా ఉండాలి. తెల్లమట్టి మీద మాత్రం చెప్పులకాళ్లతో అడుగు పెట్టనివ్వరు.